కాల్చని ఇటుక

తొంభైల చివర్లో బందరులో ఒక స్వచ్ఛంద సంస్థలో ఉద్యోగం చేసేదాన్ని. కాలేజీలకు వెళ్లి, ఇంటర్ చదివే పిల్లలకు కొత్త తరహా ఇళ్ల నిర్మాణం గురించి చెప్పడం నా పని. బట్టీలో కాల్చకుండా మెషీన్‌తో నొక్కి చేసే మట్టి ఇటుకలు, థర్మల్ స్టేషన్ బూడిదతో చేసే ఇటుకలు, ఫ్యాను లేకపోయినా గాలాడే గదులు, వాన నీటిని నేలలోకి దింపే గుంటలు. ఇవి నేర్చుకుంటే ఉన్న ఊళ్లోనే పని దొరుకుతుందని, ఇష్టమున్నవాళ్లు మా దగ్గర ఆరునెలల శిక్షణకు రావచ్చని చెప్పేదాన్ని. సంచిలో నమూనా ఇటుకలు మోసుకుని అవనిగడ్డ బస్సెక్కితే కండక్టరు, "ఇల్లు కడుతున్నారా మేడమ్?" అని నవ్వేవాడు.

మా నాన్నకు గుడివాడ దగ్గర కాలవగట్టున ఇటుక బట్టీ ఉండేది. నా సివిల్ ఇంజనీరింగ్ చదువంతా దాని మీదే నడిచింది.

ఒకసారి చల్లపల్లిలో ఒక జూనియర్ కాలేజీలో మాట్లాడుతుండగా నాన్న వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. ఇటుకల బేరం మీద ఆ ఊరొచ్చి, నేనక్కడే ఉన్నానని గుర్తొచ్చి చూసిపోదామనుకున్నారట. అప్పటికే నేను పెద్ద ఫోటోలు చూపిస్తున్నాను. నల్లటి పొగ కక్కుతున్న బట్టీ. దాని పక్కనే, పైమట్టి తవ్వేయడంతో గుంటలు పడిన వరిచేను.

ఒక అమ్మాయి లేచి, "మరి బట్టీలవాళ్లు ఏం చెయ్యాలండీ?" అంది.

"వాళ్లూ మారాలి," అన్నాను. తర్వాతి ఫోటో ఎత్తి చూపించాను. నాన్న తల వంచుకుని కండువా సర్దుకుంటున్నారు.

ఆ సాయంత్రం ఆయనతో కలిసి ఇంటికి బయల్దేరాను.

"బాగా చెప్పావమ్మా. నాక్కూడా అర్థమైంది," అన్నారు బస్సులో. పామర్రు దగ్గరపడ్డాక మళ్లీ నోరు విప్పారు. "ఆ ఫోటోలో బట్టీ మనదే కదూ?"

"అవును నాన్నా."

"అనుకున్నాలే. ముందే చెబితే కాస్త శుభ్రం చేయించేవాణ్ణి కదమ్మా."

నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఆయన కోప్పడినా బాగుండేదనిపించింది.

రెండేళ్లకు నాన్న బట్టీ ఆపేశారు. చుట్టుపక్కల చేలు చేపల చెరువులవుతున్నాయి, మట్టి దొరకడం లేదు, బట్టీ కాల్చే ఊక ప్రియమైంది. కారణాలివే. "నీ మాటలకి ఆగిపోయే బట్టీయా ఇది?" అని ఆయన తేలిగ్గా అనేవారు. నాకు మాత్రం చల్లపల్లిలో నేనిచ్చిన జవాబే చెవిలో మోగేది.

శ్రీకాకుళం వైపు నుంచి ఏటా వరికోతలయ్యాక మా బట్టీకి అచ్చుల్లో ఇటుకలు కోయడానికి వచ్చే కుటుంబం ఒకటుండేది. ఈసారి రావద్దని నాన్న కబురు పంపారు. అందలేదో, అందినా వేరే దారి లేకో, మూటలతో దిగారు. చిన్నప్పుడు నాకు జడలు వేసిన మనిషి ఆవిడ. వెంట పద్దెనిమిదేళ్ల కూతురు. నాన్న వాళ్లకు పక్క ఊరి బట్టీలో పని చూశారు. వెళ్లేముందు ఆవిడ నా దగ్గరకొచ్చింది.

"ఆ కొత్త ఇటుకల పనేదో మా పిల్లకీ నేర్పండమ్మా. అదీ మట్టిపనే కదా."

మా శిక్షణకు పదో తరగతి పాసై ఉండాలి. ఆ పిల్ల ఏటా సగం చదువు బట్టీ దగ్గరే పోగొట్టుకుని ఏడుతో ఆపేసింది. ఏ బట్టీయో కాదు, మా బట్టీ. నేను తరగతులు దాటుకుంటూ ఇంజనీరింగ్ దాకా వెళ్లిన ఆ ఏళ్లలోనే ఆ పిల్ల బడి ఆగిపోయింది. బందరు వెళ్లి మా డైరెక్టరుగారిని బతిమాలాను. "డబ్బిచ్చేవాళ్లు పెట్టిన రూలమ్మా, నా చేతిలో లేదు," అన్నారాయన.

ఇంటికొచ్చి చెబితే నాన్న, "మీ ఆఫీసులో చోటు లేకపోతే మన బట్టీ పాకలో లేదా? ఆదివారాలు నువ్వే నేర్పు," అన్నారు.

సంస్థలో మూలపడ్డ మెషీనొకటి అడిగి తెచ్చాను. ఆ పిల్ల వచ్చింది, తనతోపాటు పక్క బట్టీలోని మరికొందరు వచ్చారు. నాన్న కూడా లుంగీ ఎగ్గట్టి మెషీన్ పిడి నొక్కేవారు. మొదట్లో ఇటుకల అంచులు విరిగిపోయేవి. మట్టిలో ఇసుక పెంచి, మళ్లీ చేశాం. వేసవి ముగిసేసరికి పాక పక్కన ఒక గది గోడలు లేచాయి. ఆ పిల్ల తాపీ పట్టుకుని గోడ మూల నిలబెట్టిన రోజున వాళ్లమ్మ పని మానుకుని వచ్చి, ఆ మూలను చేత్తో తడిమి చూసింది.

కాలేజీల నుంచి వచ్చి మా దగ్గర నేర్చుకున్నవాళ్లు చాలామంది హైదరాబాదు వెళ్లి అపార్ట్‌మెంట్ల దగ్గర సూపర్‌వైజర్లయ్యారు. ఆ పిల్ల మాత్రం ఇటే, దివిసీమ పనుల్లో ఉండిపోయింది. కొన్నేళ్ల తర్వాత నాగాయలంక దగ్గర ఒక స్కూలు గది కడుతుంటే కనబడింది. మట్టి ఇటుకల గోడ, చేతిలో తాపీ.

"మేస్త్రీవి అయిపోయావే!" అన్నాను సంబరంగా.

"పని మేస్త్రీదేనక్కా. కూలి మాత్రం ఆడకూలీదే. సర్టిఫికెట్ లేదుగా," అంది, ఇటుక మీద సున్నం పరుస్తూనే.

కాంట్రాక్టరుతో మాట్లాడితే అతనూ అదే మాటన్నాడు. ఆ సర్టిఫికెట్ మా శిక్షణ పూర్తిచేసినవాళ్లకే దొరికేది. ఆ పదో తరగతి రూలు తీయించడానికి ఈసారి గట్టిగా పట్టుబట్టాను. ఏడాది పట్టింది. వెంటనే వచ్చి చేరమని ఆమెకు కబురు పంపాను.

"వచ్చిన పని మళ్లీ నేర్చుకోడానికి ఆర్నెల్లు కూలి మానుకోమంటావా అక్కా?" అంది ఫోన్లో.

నేను చెప్పగా డైరెక్టరుగారు ఆమెను పిలిపించి, ఒక రోజు గోడ కట్టించి చూసి సర్టిఫికెట్ ఇచ్చారు. తర్వాత ఆమెకు మేస్త్రీ కూలే వచ్చింది.

వాళ్లమ్మ మాత్రం నడుం వంగేదాకా వేరేవాళ్ల బట్టీల్లో ఇటుకలు కోస్తూనే ఉంది. ఆవిడకు ఏం నేర్పవచ్చో నేను ఆలోచించలేదు. ఆవిడా అడగలేదు.