ఎర్త్ తీగె కింద పసుపు

శామీర్‌పేట దిక్కున మా హ్యాంగర్ల రెండు సీట్ల చిన్న విమానం మూడు రోజుల సంది సతాయిస్తాంది. ఇంజిన్ మంచిగనే నడుస్తాంది గని బ్యాటరీ చార్జ్ అయితలేదు. బ్యాటరీ మార్చిన, ఆల్టర్నేటర్ బెల్టు బిగిచ్చిన, రెగ్యులేటర్ గూడ కొత్తది ఏసిన. అయినా మీటర్ల ముల్లు మైనస్ల నుంచి కదల్లే. రేపు పొద్దుగాల ఓనర్ సారు దాంట్ల ఎగరాలె.

ఇయ్యాల మా పెద్ద మెకానిక్ ఖాజా భాయ్ వచ్చి, ఆల్టర్నేటర్ ఎర్త్ తీగె విప్పిండు. దాని కింద గట్టిగ ఎండిపోయిన పసుపు, నడుమ కుంకుమ.

"మొన్న దసరాకు దీనికి ఆయుధ పూజ ఎవలు జేసిన్రు?" అన్నడు.

"నేనే భాయ్. తీగె విప్పి, తుడిచి, బొట్టు పెట్టి మళ్ల బిగిచ్చిన."

"బొట్టు పెట్టుడు మంచిదే బేటా. గని కరెంటు పోయే తోవల గాదు."

పసుపు గీకి, తీగె బిగిచ్చి ఇంజిన్ నడిపితే ముల్లు ప్లస్‌కొచ్చింది. లాగ్ బుక్కుల కారణం కాడ 'దుమ్ము' అని రాయబోయిన. ఖాజా భాయ్ నా చెయ్యి పట్టుకున్నడు. "పసుపు అనే రాయి. కింద దస్తఖత్ నేను జేస్త."

రాసిన. తనిఖీకొచ్చే సారు చదివి ఏమంటడో గని, నా జాగల మీరుంటే ఏం రాస్తుండిరి?