నా జీవితానికో రిలీవర్

ఆ రోజుల్లో విశాఖపట్నం మొత్తం మీద జీవిత లక్ష్యం లేనివాణ్ణి నేనొక్కణ్ణే అని నా గట్టి నమ్మకం. దానికి ఆధారం కూడా ఉంది. పోర్టు పక్కన ఒక కంటైనర్ యార్డులో గేటు దగ్గర కూర్చుని, వచ్చే ప్రతి ఇనుపడబ్బా నంబరూ, తలుపు సీలూ సరిచూసి రాసుకోవడం నా ఉద్యోగం. ఏ డబ్బా ఏ దేశం పోవాలో చెప్పే కాగితం దాని వెంటే ఉండేది. చల్లటి డబ్బాలో గడ్డకట్టిన రొయ్యకి కూడా తన గమ్యం మీద పూర్తి స్పష్టత ఉంది. ఇరవై మూడేళ్లొచ్చి, డిగ్రీ చేతపట్టుకున్న నాకు లేదు. (రొయ్య ఇష్టపడి వెళ్లడం లేదన్న సంగతి అప్పట్లో తట్టలేదు.)

సరిగ్గా ఆ నీరసంలో ఉండగా బీచ్ రోడ్డులో ఒక హోటల్లో 'లక్ష్య స్పష్టత శిబిరం' పెట్టారు. ఏసీ హాల్లో కూడా చెమటలు పట్టేంత మందపాటి కోటు వేసుకున్న గురువుగారొకాయన, కళ్లు మూసుకుని పదేళ్ల తర్వాతి మమ్మల్ని మేము చూసుకోమన్నారు. అందరికీ విమానాలూ, గాజుమేడలూ కనిపించాయట. నాకు మటుకు పక్క గదిలో మూత తీసిన రొయ్యల వేపుడు కనిపించింది. "మనసు పాడని చోట మనిషి ఉండకూడదు, వదిలెయ్యండి!" అన్నారు గురువుగారు. ఆ ఒక్క మాటకి నా కళ్లు తెరుచుకున్నాయి. సాయంత్రానికి 'లక్ష్యం కనుగొనెను' అన్న సర్టిఫికెట్టు కూడా చేతికొచ్చింది. ఆ లక్ష్యం ఏమిటో అందులో రాయలేదు, నేనూ అడగలేదు.

ఇంటికొచ్చి ఉద్యోగం మానేస్తున్నానని ప్రకటించాను. అమ్మ పోపు మాడబెట్టింది. నాన్న గోదావరి జిల్లా నుంచి వచ్చి, స్టీల్ ప్లాంటులో ముప్ఫై ఏళ్లుగా షిఫ్టులు చేస్తున్న మనిషి. తిడతాడనుకున్నాను. ఆయన మజ్జిగన్నం కలుపుకుంటూ ఒక్కటే అడిగాడు: "అలాగేలే గానీ అబ్బాయ్, నీ రిలీవర్ ఎవర్రా?" తర్వాతి షిఫ్టువాడు వచ్చి ఎదురుగా నిలబడేదాకా సీటు దిగకూడదన్నది ఆయనకి తెలిసిన ఏకైక శాస్త్రం. రిలీవర్ రాలేదని అక్క పెళ్లికి ముహూర్తం ముంచుకొచ్చాక హెల్మెట్‌తో మండపంలో దిగిన చరిత్ర ఆయనది.

సరే, వెతికి వెతికి మల్కాపురం బావని పట్టాను. (వరసకి బావేమీ కాదు. మా ఊళ్లో రెండుసార్లు కలిసి టీ తాగితే బావే.) లక్ష్యాలన్న జబ్బు వాడికి సోకనే లేదు. "ఏటి బావా, గేటుకాడ కూకుని డబ్బాలు సూడ్డవేనా? నాను సేత్తాను" అన్నాడు. పదిహేను రోజులు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాను. డబ్బా గోడ మీద పిడికిలితో కొట్టి, చప్పుడు మొద్దుగా వస్తే అక్కడేదో అతుకు వేశారని అనుమానించమన్నాను. తలుపు మేకుల మీద కొత్త రంగు కనిపిస్తే, మేకులూడదీసి తలుపు తెరిచి మళ్లీ బిగించారని లెక్క, సీలు ఎంత భద్రంగా ఉన్నా నమ్మొద్దన్నాను. "ఇయ్యన్నీ నీకెవులు సెప్పారు బావా?" అని వాడు నోరెళ్లబెట్టాడు. ఎవరూ చెప్పలేదు. ఆ సంగతి నాకూ అప్పుడే తెలిసింది. కానీ లక్ష్యసాధకుణ్ణి కదా, పట్టించుకోలేదు.

రాజీనామా ఇచ్చేసి, స్పష్టత కోసం యారాడ బీచికెళ్లి కూర్చున్నాను. మొదటి రోజు అలల్ని చూశాను. రెండో రోజు దూరంగా పోతున్న ఓడ మీది డబ్బాల వరసలు చూశాను. మూడో రోజు వల బాగుచేసుకుంటున్న ముసలాయన "రోజూ వత్తన్నావు, ఏటైనా పారేసుకున్నావేటి బాబూ?" అన్నాడు. ఇక ఉండబట్టలేక బావకి ఫోన్ చేసి, మేకులు చూస్తున్నావా అని అడిగాను.

"సూత్తన్నాను బావా! నిన్న ఒక డబ్బా దొరికింది. సీలు బాగుంది గానీ మేకులకి కొత్త రంగు. ఆపేసినాను. మేనేజరు సారు భుజం తట్టాడు. నువ్వు కంగారు పడకు, నీ లక్ష్యవేదో ఎతుక్కో."

సంతోషించాల్సింది పోయి కడుపు మండిపోయింది. ఆ డబ్బా నాది. ఆ మేకులు నావి. ఆ భుజం తట్టడం కూడా న్యాయంగా నాదే. రెండేళ్లు కళ్లెదుట ఉన్నదాని విలువ, అది ఇంకొకడి చేతికి పోయాక గానీ తెలిసిరాలేదు నాకు.

ఇంటికొచ్చి నాన్న ముందు కూలబడ్డాను. "నేనే తెచ్చి కూర్చోబెట్టాను నాన్నా. వాడు నాకన్నా బాగా చేస్తున్నాడు. నా సీటు పోయింది" అంటుంటే ఏడుపొచ్చేసింది. షిఫ్టుకి బూట్లు తొడుక్కుంటున్న నాన్న తలెత్తి వింతగా చూశాడు. "రిలీవర్ వచ్చాడంటే నీ పని తీరిపోయిందని కాదురా సన్నాసీ. వెళ్లి పడుకుని, రేపు మళ్లీ టైముకి రమ్మని."

మర్నాడు పొద్దున్న ఆరింటికే గేటు ముందు నిలబడ్డాను. మేనేజరు చాలాసేపు నన్ను చూడనట్టే నటించి, చివరికి ఎవరూ ఒప్పుకోని మధ్యాహ్నం షిఫ్టు పడేశాడు. రెండింటికి నన్ను చూసి బావ లేచి, తన చేత్తోనే కుర్చీ దులిపి ఇచ్చాడు.

అది జరిగి పన్నెండేళ్లయింది. ఇప్పుడు వారం మార్చి వారం ఒకరికొకరం రిలీవర్లం. ఆ సర్టిఫికెట్టుని ఎనిమిది మడతలు పెట్టి, ఊగుతున్న కుర్చీ కాలి కింద దోపాం. గురువుగారి బోధ వల్ల నిలకడ వచ్చింది నాకు తెలిసి ఆ కుర్చీకొక్కదానికే. నా పొద్దుటి షిఫ్టు వారంలో బావ ఒక్కోరోజు ఆలస్యంగా వచ్చి, "ట్రాఫిక్కు బావా, ఏటి సేత్తాం" అంటాడు. మర్యాద కోసం కాస్త విసుక్కుంటాను. ఉద్యోగం వదిలించుకోవడానికి ఊరంతా గాలించి రిలీవర్ని పట్టుకొచ్చిన ఆనాటి నాలోని కుర్రాడు చూస్తే నవ్విపోతాడు గానీ, బావ రాని ఆ పావుగంటా హాయిగా ఇంకో రెండు డబ్బాల మీద కొట్టి, చెవి ఆనించి వింటూ ఉంటాను.