జాజుగోడ మీద జున్నుపాల పాఠం

కొడకండ్ల దగ్గరి మా ఊళ్లో, పశువుల కొట్టం గోడకు జాజు, అదే ఎర్రమన్ను, పూసి ఉండేది. దాని మీద సున్నంతో అక్క రాసిన నాలుగు ముక్కలుండేవి. ఇప్పుడు ఆ కొట్టం లేదు, గోడా లేదు. జాజు పూసిన గోడ ఎక్కడ కనిపించినా నా కాళ్లు మాత్రం ఆగిపోతాయి. ఈ వయసులో గోడల ముందు నిలబడి ఏం వెతుకుతావని ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ.

అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమానికి బడులు మూతపడ్డాయి. జనగామలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న అక్క ట్రంకుపెట్టెతో ఇంటికొచ్చేసింది. నాకంటే చాలా పెద్దది, నన్ను చంకనేసుకుని తిప్పిన మనిషి. చదవడానికేమీ దొరక్క పాత పంచాంగాన్నీ, చక్కెర పొట్లం కాగితాన్నీ కూడా వదిలేది కాదు. ఆ రోజుల్లోనే మా అమ్మ పశువుల దవాఖానలో పంచిపెడుతున్న ఒక చిన్న పుస్తకం తెచ్చింది. అమ్మను మేం అవ్వ అనేవాళ్లం. ఊరికే ఇస్తున్నారని తెచ్చింది తప్ప ఆమెకు అక్షరం ముక్క రాదు.

అవ్వకప్పుడు ఒకటే బెంగ. అక్క పెళ్లయి వెళ్లేటప్పుడు పుట్టింటి అరణంగా వెంట తోలడానికి ఒక పెయ్యదూడ కావాలి. మా బర్రె ఈనిన దూడలేమో ఒక్కటీ నిలవడం లేదు. కడుపు పారుడు పట్టి, ఈగలు ముసిరి, కళ్ల ముందే పోయేవి. దిష్టి అన్నారు. అవ్వ కొట్టానికి పాతచెప్పు కట్టింది. చెప్పు నిలిచింది గాని దూడ నిలవలేదు.

అసలు సంగతి ఆ పుస్తకంలో ఉంది. మా వైపు బర్రె ఈనితే మాయ, అంటే మావి, పడేదాకా దూడను పొదుగు దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు. ముందే తాగితే తల్లికి ముప్పని భయం. ఒక్కోసారి పూటంతా గడిచిపోయేది. ఆ తర్వాతైనా కడుపునిండా తాగనిచ్చేవాళ్లా? జున్ను కోసమని ఇంటింటికీ చెంబులు పంచి, మిగిలింది దూడకు వదిలేవాళ్లు. పుట్టగానే ఆ మొదటి పాలు పట్టమనీ, దూడకు రోగాన్ని ఆపేవి అవేననీ పుస్తకం చెప్పింది.

చెప్పడమైతే చెప్పింది గాని, అక్క చదివి వినిపిస్తే ఆ భాష అవ్వకు ఒక్క ముక్క ఎక్కలేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా, రాసినాయన ఎవరో మా మాటలు మాటలే కావన్నట్టు రాశాడు. కాకపోతే చివరి పేజీలో ఒక మంచిపని చేశాడు. ఇందులోది ఎవరైనా తిరిగి రాసుకోవచ్చు, తమ మాటల్లోకి మార్చుకోవచ్చు, నలుగురికీ పంచవచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు అని వేశాడు. అక్క దాన్ని సర్కారు తనకే ఇచ్చిన హుకుమనుకుంది. సున్నం కలిపి, కర్రకు గుడ్డ చుట్టి, కొట్టం గోడ మీద మా మాటల్లో రాసేసింది. రోజూ అవ్వకు చదివి వినిపించేది.

బర్రె ఈనంగనే దూడను తుడువు. మాయ కోసం చూడకు. జున్నుపాలు ముందుగాల దూడకు. మిగిలితేనే ఊరికి.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని పక్కింటి ముసలమ్మ మూతి తిప్పింది. జున్ను తగ్గుతుందని ఆమె బాధ.

బర్రె ఒక పొద్దున ఈనింది. పెయ్యదూడే. అవ్వ దాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడింది, వదలదు.

"బర్రెకేమన్న అయితే ఎట్లనే?" అంది.

"పోయిన దూడలకు నువ్వు ఏడ్సింది నేను చూసిన అవ్వా. ఇడువు," అంది అక్క.

అవ్వ వదిలింది. దూడ తడబడుతూ వెళ్లి పొదుగందుకుంది. అది తాగుతుండగానే మాయ కూడా పడింది. ఆ దూడ బతికింది. ఆ ఏడు చాలా ఇళ్లవాళ్లు అక్కను పిలిచి తమ కొట్టాల్లో రాయించుకున్నారు.

అక్కను కొత్తగూడ అడవుల వైపు ఇచ్చారు. బండి వెనక పెయ్యను కట్టుకుని వెళ్లింది. ఒక్క బతుకమ్మకు వచ్చింది. ఆ మరుసటి వానల్లో చలిజ్వరం పట్టింది. వాగులు పొంగి ఉండి, మానుకోట దవాఖానకు చేర్చేలోపే పోయింది. ఆ అడవి పేరెత్తితే నాకిప్పటికీ కోపం. అడవి ఏం చేసిందని అడగకండి.

అప్పట్నించీ ప్రతి దసరాకూ అవ్వ అన్ని గోడలూ పూసి, ఆ గోడ దగ్గర మాత్రం కూర్చుండిపోయేది. అక్షరాలు చెరిగిపోకుండా వాటి సందుల్లో వేలితో ఎర్రమన్ను పూసేది. తర్వాత అక్షరాల మీదే సున్నం దిద్దేది. చదువు రాని చెయ్యి, ముగ్గు పెట్టినట్టే దిద్దేది. ఏడాదికింత లావై, వంకరపోయి, ఒకదాన్నొకటి అల్లుకుపోయాయి. కొమ్ములు తీగలయ్యాయి, సున్నలు పువ్వులయ్యాయి.

నేను చదువుకుని, టీచరునై, ఎనభైల్లో ఒక దసరా సెలవులకు వెళ్లాను. అవ్వకు చూపు తగ్గింది. సున్నం చేతులతో గోడ ముందు నిలబడి అడిగింది.

"ఇంక సదవస్తాందా, బిడ్డా?"

చూశాను. ఒక్క అక్షరం మిగల్లేదు. గోడ నిండా తెల్లటి ముగ్గు. అయినా వేలు పెట్టి, ఎడమ నుంచి కుడికి జరుపుతూ, బర్రె ఈనంగనే దగ్గర మొదలుపెట్టి చివరిదాకా చదివాను. అవ్వ పెదవులు నాతోపాటే కదిలాయి.

"ముందుగాల దూడకు అన్నకాడ రెండుసార్లు సదువు. మీ అక్క అట్లనే సదివేది."

నేను రెండోసారి చదివాను.