మా బాపు పరుగెత్తిన రెండు నిమిషాలు

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు మొదటి నుంచీ చిరాకు. నేను నర్సును. మొయినాబాద్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో ఎనిమిదేళ్లుగా పని చేస్తున్నాను. పోయినవాళ్ల కళ్లు మూసి, దవడకు గుడ్డ కట్టి, కాళ్ల బొటనవేళ్లు ముడివేసి పంపిన చేతులివి. వాళ్లలో ఒక్కరు కూడా తిరిగొచ్చి నన్ను పలకరించలేదు. పైగా మేం చర్చికి పోయేవాళ్లం. చిన్నప్పుడు ఇంట్లో దయ్యం మాటెత్తితే అవ్వ, అంటే మా అమ్మ, నెత్తి మీద ఒక్కటి వేసేది. కాబట్టి ఇది చదివి, ఈమెకు పిచ్చి పట్టింది అనుకున్నా నాకేం బాధ లేదు. ముందు నేనూ అదే అనుకున్నాను.

విదేశంలో నర్సు ఉద్యోగానికి ఇంగ్లీషు మాట్లాడే పరీక్ష ఒకటి పాసవ్వాలి. ఎదురుగా కూర్చున్నవాళ్లు ఒక కార్డు ఇస్తారు. దాని మీదున్న విషయం గురించి రెండు నిమిషాలు ఆగకుండా మాట్లాడాలి. కోచింగులో సారు మొదటిరోజే చెప్పేశాడు, నిజాలు అక్కర్లేదు, మీ ఇంటికొచ్చి ఎవరూ చూడరు, ఒక్కో కార్డుకు ఒక్కో మంచి అబద్ధం తయారుగా పెట్టుకోండి అని. మా బ్యాచ్ మొత్తం అదే చేసింది. తాతలు లేనివాళ్లకు తాతలు పుట్టుకొచ్చారు. వికారాబాద్ దాటనివాళ్లు సముద్రాలు చూసొచ్చారు.

ఒక కార్డు మీద, చిన్నప్పుడు మీకు సైకిల్ ఎవరు నేర్పారు అని ఉండేది.

నాకెవరూ నేర్పలేదు. మా బాపుకు పోలియో. ఎడమకాలు చేతికర్రంత సన్నగా ఉండేది. మొయినాబాద్ దగ్గర ఒక ఫామ్‌హౌస్‌లో వాచ్‌మన్‌గా చేసేవాడు, గేటు పక్క గదిలోనే మేం ఉండేవాళ్లం. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఓనరు వాళ్ల పిల్లల పాత సైకిల్ ఒకటి నాకిచ్చారు. బాపు గేటు దగ్గర నిలబడి "తొక్కు బిడ్డా, ఏం కాదు" అనేవాడు. నేను తొక్కేదాన్ని, పడేదాన్ని. మూడోరోజు మోకాలు చీరుకుపోయింది. రక్తం చూసి ఒళ్లు మండి అరిచాను.

"అందరి బాపులు ఎనకంగ ఉరుకుతరు. నువ్వెందుకు ఉరకవు?"

ఆయన పసుపు తెచ్చి అద్దాడు. నేను మళ్లీ ఆ సైకిల్ ముట్టలేదు.

ఇదంతా పరీక్షలో ఎలా చెప్తాను? కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుంది. అందుకని అబద్ధం రాసుకున్నాను. మా నాన్న సీటు పట్టుకుని మట్టిరోడ్డు మీద నా వెనకాలే పరుగెత్తేవాడు, ఒకరోజు నాకు తెలియకుండా వదిలేశాడు, నేను ఒక్కదాన్నే తొక్కుతున్నానని చాలా దూరం పోయాక తెలిసింది, అని. సారుకు తెగ నచ్చింది. క్లాసులో నాచేత రెండుసార్లు చదివించాడు.

అప్పటికి మేం చేవెళ్లలో సొంత ఇల్లు కట్టుకున్నాం. బాపు పని మానేసి ఇంటిపట్టునే ఉండేవాడు. డ్యూటీ నుంచి బస్సు దిగి వచ్చి, ముఖం కడుక్కుని, నేను గదిలో అటూ ఇటూ తిరుగుతూ ఆ జవాబు గట్టిగా చెప్పుకునేదాన్ని. బాపు గడప దగ్గర కుర్చీ వేసుకుని వినేవాడు. ఇంగ్లీషు రాదు. ఫాదర్, సైకిల్ అనే మాటలు మాత్రం పట్టుకున్నాడు. ఒకరోజు నవ్వుతూ అడిగాడు.

"ఫాదర్ అంటే నేనే గద బిడ్డా. నా గురించి ఏం చెప్తున్నవ్? జర నాకూ చెప్పరాదు."

"ఏం లేదు బాపు. పరీక్ష ముచ్చట. నీకు సమజ్ కాదు తియ్" అన్నాను.

ఎలా చెప్పను? నీకు లేని కాలు నేను పెట్టానని చెప్పనా? ఇంకో రెండుసార్లు అడిగాడు, రెండుసార్లూ విసుక్కున్నాను. తర్వాత అడగడం మానేశాడు.

ఆ తర్వాత నెల తిరగకముందే పోయాడు. పొద్దున చాయ్ తాగి ఛాతీలో నొప్పి అన్నాడట. అవ్వ ఆటో పిలిచి దవాఖానకు తెచ్చేలోపే అయిపోయింది. నేను డ్యూటీలో ఉన్నాను. ఇంకెవరి నాన్నకో బీపీ చూస్తున్నాను.

నలభయ్యో రోజు జ్ఞాపకార్థ కూడిక అయ్యాక అవ్వే పోరుపెట్టింది, పరీక్ష రాయమని. సరే అని మళ్లీ మొదలుపెట్టాను. మా బ్యాచ్‌లో ఒక పద్ధతి ఉండేది. జవాబు ఫోన్లో రికార్డు చేసి జోడీకి పంపాలి, వాళ్లు విని తప్పులు చెప్పాలి. నా జోడీ శంకర్‌పల్లి అమ్మాయి మౌనిక. క్లాసు ఫోన్లోనే కాబట్టి మేం ఒకరినొకరం చూసుకోలేదు. బాపు పోయిన సంగతి ఆమెకు చెప్పలేదు, ఒంట్లో బాగాలేదన్నాను. బాపు కాలు సంగతి అసలే తెలియదు.

ఆ రోజు మధ్యాహ్నం అన్నం తిన్నాక, దవాఖాన రెండో అంతస్తులో దుప్పట్లు పెట్టే గదిలోకి పోయి తలుపు గడియ పెట్టుకున్నాను. ఆ గదికి కిటికీ లేదు. ఫ్యాను కూడా ఆపేశాను. ఏడవకుండా జవాబు మొత్తం చెప్పి, వినకుండానే మౌనికకు పంపాను. పది నిమిషాలకు ఆమె గొంతు మెసేజ్ వచ్చింది.

"రూతక్కా, మంచిగ చెప్పినవ్ గానీ ఎనక ఎవరో ఉరుకుతున్నరు. చెప్పుల సప్పుడు మస్తు వినవడ్తున్నది. జర తలుపేసుకొని మళ్ల పంపు."

తలుపు వేసుకునే చెప్పాను కదా అని ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. మొదటి అర నిమిషం నా గొంతు తప్ప ఏమీ లేదు. మా నాన్న నా వెనకాలే పరుగెత్తేవాడు అనే వాక్యం దగ్గర మొదలైంది. టైల్స్ మీద నడిచిన చప్పుడు కాదు. మట్టిలో, కంకర మీద, రబ్బరు చెప్పులతో మనిషి పరుగు. కుంటుతున్న మనిషి కాదు. నేను రోజూ రోగులను నడిపించేదాన్ని, అడుగులో తేడా ఉంటే నాకు తెలుస్తుంది. రెండు కాళ్లూ సమానంగా పడుతున్నాయి.

వదిలేశాడు అన్నచోట అడుగులు ఆగిపోయాయి. ఆ తర్వాత చివరిదాకా నా మాటల వెనక ఎవరో రొప్పుతున్నారు. నోటితో పెద్ద పెద్దగా, పరుగెత్తి అలసిపోయిన మనిషిలాగా.

నర్సు బుద్ధి ఊరుకోదు కదా. అదే గదిలో అదే టైముకు మూడు రోజులు రికార్డు చేశాను. నా గొంతు తప్ప ఏమీ రాలేదు. కింద కంకర పని ఏమైనా జరిగిందా అని సెక్యూరిటీ అన్నను అడిగాను, లేదన్నాడు. ఫోను పాడైందేమో అని కొత్త ఫోనులోకి మార్చి విన్నాను. అదే చప్పుడు. మౌనిక ఫోన్లోనూ అదే.

పరీక్షలో సైకిల్ కార్డు రాలేదు. వానాకాలం గురించి వచ్చింది. మార్కులు సరిపోయాయి.

రిజల్టు వచ్చిన రోజు ఉండబట్టలేక అవ్వకు ఆ రికార్డింగు వినిపించాను. ఏ మాటా ముందు చెప్పలేదు. అడుగుల చప్పుడుకు అవ్వ ముఖంలో ఏమీ మారలేదు. రొప్పు మొదలవగానే ఫోను నా చేతిలోంచి లాక్కుని చెవికి ఆనించుకుంది.

"గిది మీ బాపు దమ్మే. ముప్పై ఏండ్లు పక్కన పన్నదాన్ని, నాకు తెల్వదా?"

నాకు దుఃఖం ఆగలేదు. ఆ జవాబులో ఏముందో అప్పుడు చెప్పాను. అవ్వ ఆశ్చర్యపోలేదు. తెలుసు అంది.

"నువ్వు చెప్పకపోతివి. నువ్వు పండుకున్నంక నీ నోట్‌బుక్కు అంగీల పెట్టుకొని పాస్టరమ్మ తానకు పోయిండు. ఆమె తెలుగుల చెప్పిందట. ఇంటికొచ్చి గీ కుర్చీల కూసొని ఏడ్సిండు. నా కోసం బిడ్డ అబద్ధమాడవట్టె, ఒక్కపారన్న ఉరికినోన్నయితే అది నిజమే అవుతుండె గద, అన్నడు."

ఆ చప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. ఎవరైనా కారణం చెప్తే వింటాను, గొడవ పెట్టుకోను. నేనైతే ఇప్పటిదాకా ఏ కారణమూ చెప్పుకోలేకపోయాను.

పాస్టరమ్మ ఇల్లు చర్చి వెనక, ఎత్తు మీద ఉంటుంది. మా ఇంటి నుంచి నాకే ఇరవై నిమిషాలు పడుతుంది. నేనేమంటున్నానో తెలుసుకోవడానికి బాపు ఆ కాలుతో అంత దూరం ఎక్కి దిగాడు. నేను పక్కగదిలోనే ఉన్నాను.