ఆరిపోనాయా?

నిన్న మోప్కా ఊళ్ళో మా అబ్బాయి ఇంటి షెడ్డులో గ్రైండర్ ఆపగానే కాలిన ఇనుము వాసన వచ్చింది. ఆ వాసనతో నేను నేరుగా చిన్నప్పటి మా పాత రైల్వే క్వార్టర్ వెనక వరండాలోకి వెళ్ళిపోయాను. నాన్న డ్యూటీ దిగి వచ్చి అక్కడే చిన్న లేతు మిషను నడిపేవారు.

మీకూ గుర్తుందా, చిన్నప్పుడు దీపం ‘ఆరిపోయింది’ అంటే పెద్దవాళ్ళు మన నోరు మూయించేవారు? ‘కొండెక్కింది’ అనాలి. నాన్నకి ఆ పట్టింపు నిప్పురవ్వల విషయంలోనూ ఉండేది.

ఓ సాయంత్రం పని ముగించి, "రవ్వలన్నీ కొండెక్కేసాయే" అన్నారు.

అమ్మ గుమ్మంలోంచి కదల్లేదు. "కొండెక్కినవి మళ్ళీ దిగుతాయి. ఆరిపోనాయో లేదో సెప్పండి."

నాన్న నవ్వారు. అమ్మ నవ్వలేదు. బల్ల కింద నూనె గుడ్డల కుప్పను కర్రతో కదిపితే సన్నగా పొగ లేచింది. పెరట్లోంచి తట్టెడు మట్టి తెచ్చి కుమ్మరించి, "ఏటండీ, ఇదేనా మీ కొండ?" అంది.

ఆ తర్వాత నూనె గుడ్డలకి మూత ఉన్న రేకు డబ్బా వచ్చింది. గుమ్మం పక్కన ఇసుక బకెట్ వెలిసింది. నాన్న బుద్ధిగా "ఆరిపోనాయి" అంటేనే అమ్మ అన్నం వడ్డించేది.

నిన్న నేనూ గుమ్మంలో నిలబడి అదే అడిగాను. "అచ్ఛా అమ్మా, ఆరిపోనాయి" అన్నాడు మావాడు. అయినా వంగి బల్ల కింద చూశాకే కదిలాను.

లోపలికి వస్తే అమ్మ ఫొటో ముందు దీపం వెలగడం లేదు. దాన్ని మాత్రం కొండెక్కిందనే అన్నాను. కొండెక్కినవి మళ్ళీ దిగుతాయని చెప్పింది అమ్మే కదా.