పరుపులు లేని గోడౌన్

పరుపులకు గలీబులు కుట్టే ఆ అమ్మాయి సాయంత్రమైతే డ్రమ్ములు వాయిస్తుంది. ఇద్దరు గిటారు కుర్రాళ్లతో కలిసి పెట్టుకున్న రాక్ బ్యాండ్‌కి ఆమె బాబాయి పరుపుల గోడౌనే దిక్కు. చుట్టూ పరుపులు నిలబెట్టి వాయిస్తే చప్పుడు గడప దాటేది కాదు. ఇరుగుపొరుగు నుంచి ఒక్క ఫిర్యాదు వచ్చినా ఖాళీ చేయాల్సిందేనని బాబాయి ముందే చెప్పాడు.

రేపు మొదటి ప్రదర్శన అనగా, ఏదో హాస్టల్‌వాళ్లు వచ్చి పరుపులన్నీ కొనుక్కుపోయారు.

"ఇవాళ్టికి ఊరుకోండమ్మా," అన్నాడు బాబాయి.

"మూడు నెలల్నుంచీ గుసగుసలే కదా బాబాయ్! మా చప్పుడు మేమే రేపు మొదటిసారి విని జడుసుకోవాలా?"

మొదటి దెబ్బకే రేకుల కప్పు దద్దరిల్లింది. పాట సగంలో తాళం జారిపోతోందని ఆమెకు అప్పుడే తెలిసింది. పరుపులు ఇన్నాళ్లూ ఆ తప్పును కూడా మింగేశాయి.

"మళ్లీ మొదట్నుంచి," అంది.

ఎదురింటి మాస్టారు చెవులు మూసుకుని ఊడిపడ్డాడు. "ఇది గోడౌనా, రణరంగమా?"

"విన్నావుగా. ఇక ఖాళీ చెయ్యి," అన్నాడు బాబాయి.

"చేస్తాంలే బాబాయ్. మాస్టారూ, ఎలాగూ వింటున్నారుగా, మీరు కూర్చోండి. తాళం ఎక్కడ తప్పుతోందో కాస్త చెప్పండి."

సమాధానం కోసం చూడకుండా ఆమె కర్రలెత్తింది.