పథ్యం తీసేసిన రోజు

మొన్న నాకు జ్వరం దిగాక డాక్టరు సాయిబు నాడి చూసి, సంచి సర్దుకుంటూ, “ఇంక ఏమడిగితే అది పెట్టండమ్మా” అన్నాడు. అంతే, మా పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరిగెత్తింది. నేను బతికే ఉన్నానని ఆమెకు నచ్చజెప్పేసరికి నాకు మళ్ళీ జ్వరం వచ్చినంత పనయింది. తప్పు ఆమెది కాదు. మా జమ్మలమడుగు వైపు డాక్టరు నోట ఆ మాట వచ్చిందంటే, ఆ రోగికి ఇక మందులు లేవని అర్థం. కొన్నేళ్ళ కిందట ఇదే డాక్టరు, ఇదే వసారాలో నిలబడి, మా పెద్దనాయన గురించి అదే మాట అన్నాడు.

పెద్దనాయన నాపరాళ్ళ గనిలో మేస్త్రీ. బండను వేలితో తట్టి ఎక్కడ పగులుతుందో చెప్పేవాడు. ఆయన కడుపులో గడ్డ ఉందని మాత్రం ఆయనకు తప్ప ఊరందరికీ చెప్పారు. కర్నూలు ఆసుపత్రిలో కోసి, చూసి, మళ్ళీ కుట్టి పంపించేశారు. డాక్టరు సాయిబు ఆ మాట చెప్పి అటు వెళ్ళగానే పెద్దమ్మ ఇటు పథ్యం బిగించింది. ఆమె లెక్క సూటిగానే ఉంది. అడిగింది పెడితే ఆయనకు తెలిసిపోతుంది. గంజి పోస్తే, ఇంకా ఆశ ఉందనుకుంటాడు. అంతవరకు గంజిలో కాస్త ఉప్పయినా పడేది, అదీ పోయింది. సంగటిలోకి నంజుకోవడానికి ఊరిబిండి, అదే చెనక్కాయల పచ్చడి, కావాలని ఆయన అడిగితే, “నయమైనంక తిందువులే” అనేది. చూడవచ్చిన చుట్టాలు మంచం దగ్గర నవ్వి, వసారాలోకి వచ్చి బోరుమనేవారు. మధ్యలో ఉన్నది మట్టిగోడ. దాని చెవులు మా అందరి చెవులకన్నా మంచివి. మందులే లేవన్న డాక్టరును మళ్ళీ పిలవడమెందుకని ఎవరూ పిలవలేదు. నొప్పి వచ్చినప్పుడు పెద్దనాయన తువ్వాలు పళ్ళ మధ్య బిగించి గోడ వైపు తిరిగేవాడు. నేను మాత్రం ఏడవలేదు. ధైర్యమేమీ కాదు, పెళ్ళికీ చావుకీ నాకున్నది ఒకటే మొహం.

ఆ మొహం చూసే కాబోలు, ఒక మధ్యాహ్నం పెద్దనాయన నన్ను దగ్గరికి పిలిచాడు.

“రేయ్, డాక్టరు నాకు పథ్యం తీసేసినాడు గదా?”

నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉండే వెటకారం ఆ ఒక్కసారికి సెలవు పెట్టింది. “నీకెట్ల తెలుసు పెద్దనాయనా?” అన్నాను.

“గంజి పోసేటప్పుడు మీ పెద్దమ్మ మొగం సూస్తాండా కదరా. ఆమె కోసరం తాగుతాండా. లేకుంటే ఆ కుడితి ఎవురు తాగుతారు?”

“ఆమేమో నీ కోసరం పోస్తాంది. ఇద్దరికీ అక్కర్లేని గంజి ఇంట్లో రోజూ ఉడుకుతాంది!”

ఆయన నవ్వాడు. కుట్లు లాగినట్టున్నాయి, కడుపు పట్టుకుని మరీ నవ్వాడు. “పోయి నాకు తెలుసని చెప్పు. ఏడ్సాలంటే ఈడికొచ్చి ఏడ్సమను. పొయ్యి కాడ ఏడిస్తే సంగటి అడుగంటుతాది.”

చెప్పాను. పెద్దమ్మ పొయ్యి మీది గంజి దించేసింది. తర్వాత లేచి చెనక్కాయలు వేయించి, రోట్లో వేసి దంచింది. కళ్ళలో నీళ్ళు ఎండుమిరపకాయల ఘాటుకొచ్చినవని చెప్పింది. నేను కాదనలేదు, నావీ అలా వచ్చినవే.

పెద్దనాయన రెండు ముద్దలు తిని, “ఉప్పు తక్కువాయెనే” అన్నాడు. “తక్కువైంది ఉప్పు కాదు, నీ నాలిక పోయింది” అంది పెద్దమ్మ. అన్నాళ్ళుగా గుసగుసల మీద నడుస్తున్న ఇంట్లో మళ్ళీ మామూలు పోట్లాట మొదలైంది. దేవుడి మేలు.

ఆ సాయంత్రమే నేను వెళ్ళి డాక్టరు సాయిబును వెంటబెట్టుకొచ్చాను. ఆయన పెద్దమ్మను గట్టిగా కోప్పడ్డాడు. “జబ్బు నయం కాదంటి గానీ, నేను రానంటినా? నొప్పికి సూది మందుండాది. నోరెండకుండా సూసుకోవల్ల, వీపు పుండు పడకుండా తిప్పల్ల. మనకు శానా పనుండాదమ్మా.” ఆ తర్వాత ఎండల్లో సైకిలు తొక్కుకుంటూ పిలవకుండానే వచ్చేవాడు. తువ్వాలు మళ్ళీ భుజం మీదికి చేరింది. తొలకరి దాకా వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నారు, పోట్లాడుకున్నారు, ఎవరికి ఏం చెప్పాలో చెప్పుకున్నారు. ఆయన పోయిననాడు పెద్దమ్మ మంచం దగ్గరే కూర్చుని ఏడ్చింది, వంటింట్లో కాదు.

మొన్న కూడా ఏడ్చిందా, ఏడ్చి వెంటనే రోలు కడిగింది. నా పళ్ళెంలో ఊరిబిండి వేస్తూ “ఉప్పు సరిపోయిందా?” అని అడిగింది. డాక్టరు సాయిబు మా పెద్దనాయనకు కాలాన్ని పొడిగించలేకపోయాడు. మిగిలిన కాలానికి మాత్రం ఉప్పు తెచ్చిపెట్టాడు.